యాభై మూడు కబుర్ల బిల్లు

సోమవారం

వీధి చివర కొట్టు పెట్టుకున్న వడ్రంగి మేస్త్రికి, అదే వీధిలోని మేడ ఇంటి నుంచి రిటైర్డ్ ఆడిటరు రాస్తున్నది.

ఇక్కడ మేము క్షేమం. నువ్వు మాకంటే ఎక్కువ క్షేమంగా ఉన్నావని నీ బిల్లు చూడగానే అర్థమైంది.

నేను నీకు చెప్పిన పని ఏమిటి? వంటింటి అలమర తలుపు వేలాడుతోంది, దాన్ని నిలబెట్టు, లోపల విరిగిన అరలు రెండు మార్చు అన్నాను. నువ్వు రెండు రోజులు వచ్చావు. పని బాగానే చేశావు, ఆ మాట దాచను. తలుపు ఇప్పుడు చిటికెన వేలితో తోసినా మూసుకుంటోంది. చెక్క, మడతబందులు, మరలు, కూలి అన్నీ కలిపి 1,460 అని రాశావు. ఒప్పుకున్నాను. అక్కడితో గీత గీసి ఉంటే ఈపాటికి డబ్బు నీ జేబులో ఉండేది.

నువ్వు గీత గియ్యలేదు. దాని కింద ఇంకో మూడు పద్దులు రాశావు. "మోసినవి: పైకి 29, కిందికి 24, మొత్తం 53, ఒక్కోటి ఇరవై చొప్పున 1,060." "మార్చినవి: 17, ఒక్కోటి ముప్ఫై చొప్పున 510." "మెట్ల మీద నిలబడిపోయినది: గంటన్నర, 150." వెరసి 3,180. చారెడు పనికి బారెడు బిల్లు.

మేస్త్రీ, నేను ముప్ఫై ఆరేళ్లు సర్కారు లెక్కలు తనిఖీ చేసినవాణ్ణి. వంతెన కట్టకుండానే దానికి రంగు వేసినట్టు బిల్లు పెట్టినవాళ్లని చూశాను. వాళ్లయినా ఏ రంగో రాశారు. నువ్వు ఏం మోశావో కూడా రాయలేదు. మా ఇంట్లోకి నువ్వు తెచ్చిన చెక్కలు మూడంటే మూడు. అవి వంటింట్లోకి వచ్చాయి, వంటిల్లు కింద ఉంది. మేడ మీదికి చెక్కలు ఎందుకు మోశావు? పోనీ మోశావే అనుకుందాం. పైకి 29 వెళ్లాయి, కిందికి 24 వచ్చాయి. మిగతా ఐదూ పైనే ఉండిపోయాయా? మేడ మీద మా ఆవిడ ఉంటోంది. ఐదు చెక్కలతో ఆవిడ ఏం చేస్తోందో నాకు తెలియాలి.

వచ్చి నోటితో వివరిస్తానంటే కుదరదు. నోటిమాట ఆడిట్‌లో చెల్లదు. నా ఉత్తరాలు నీ కొట్టు తలుపు సందులోంచి లోపలికి వేస్తాను. నీ జవాబు మా గేటు పెట్టెలో వెయ్యి.

డబ్బు చేతిలో పట్టుకుని కూర్చున్న,
మేడ ఇంటి ఆడిటరు

తా.క. నీ చేతిరాత చూసి ఆశ్చర్యపోయాను. ముత్యాలు పేర్చినట్టుంది. ఇంత చక్కటి చేత్తో ఇంత అన్యాయం ఎలా రాయగలిగావు?

* * *

మంగళవారం

మేడ ఇంటి అయ్యగారికి వడ్రంగి మేస్త్రి దండాలతో మనవి చేసుకునేది.

తమరి ఉత్తరం అందింది. తలుపు చిటికెన వేలితో మూసుకుంటోందని రాశారు. ఆ ఒక్క వాక్యానికి నా ప్రాణం లేచి వచ్చింది. తక్కిన వాక్యాలకు మళ్లీ కూర్చుంది.

అయ్యా, నేను మోసింది చెక్కలు కాదు, కబుర్లు. మొదటిరోజు పొద్దున మీరు నాతో, పై అర ఎంత ఎత్తులో ఉండాలో మేడ మీదికెళ్లి ఆవిణ్ణి కనుక్కో అన్నారు. అది ఒకటి. అమ్మగారు, ఇక మీదట వండుకునేది ఆయనే కాబట్టి ఆయన చెయ్యి ఎంతవరకు అందుతుందో ఆయన్నే కొలుచుకోమను అన్నారు. అది రెండు. మూడు, నాలుగు, ఐదు అదే అర గురించి. ఆరో కబురు నుంచి అర సంగతి పక్కకు పోయింది. పన్నెండో కబురు దగ్గర నేను ఉలి కింద పెట్టేసి, చెక్క మీద పెన్సిలుతో గీతలు పెట్టుకోవడం మొదలెట్టాను. మీ ఇంటికి మెట్లు పద్దెనిమిది. నా మోకాళ్లకు యాభై ఎనిమిదేళ్లు.

పైకి 29, కిందికి 24 ఎందుకయ్యాయంటే, ఐదుసార్లు అమ్మగారు ఏమీ చెప్పలేదు, నా వైపు చూశారంతే. చూపు మోసే రేటు నా దగ్గర లేదు. వాటిని వదిలేశాను.

మార్చినవి పదిహేడు అంటే ఇదీ. మీ ఇద్దరి మాటలూ ఉన్నవి ఉన్నట్టు మోస్తే తలుపే కాదు, గోడలు కూడా నిలబడవనిపించింది. అందుకని పదిహేడుసార్లు మధ్యలో ఆగి, మాటకు చిత్రిక పట్టి, గరుకు తీసి అందించాను. గరుకు తియ్యడం నా వృత్తి. ఊరికే చెయ్యను.

ఇక మెట్ల మీద నిలబడ్డది. రెండో రోజు మధ్యాహ్నం మీరు కింద నుంచి "పైకి వెళ్లు" అన్నారు, అమ్మగారు పై నుంచి "కిందికి వెళ్లు" అన్నారు. అడకత్తెరలో పోకచెక్కలా తొమ్మిదో మెట్టు మీద గంటన్నర నిలబడ్డాను. ఆ గంటన్నరలో ఒక కుర్చీకి కాలు అతికేవాణ్ణి.

మీ ఇంటి మెట్లు తలుచుకుంటూ,
వడ్రంగి మేస్త్రి

తా.క. మార్చిన పదిహేడింటికీ విడిగా జాబితా ఉంది. అడిగితే పంపుతాను. అడక్కపోతే మీకే మంచిది.

* * *

బుధవారం

కబుర్ల మేస్త్రికి, మోసపోయిన ఆడిటరు రాస్తున్నది.

నీ ఉత్తరం చదివాక నాకు వచ్చిన కోపానికి నీ దగ్గర చిత్రిక లేదు.

పోస్టుమ్యాన్ ఉత్తరాన్ని దారిలో విప్పి, రెండు వాక్యాలు మార్చి, మార్చినందుకు ఇంటివాళ్లని డబ్బులడుగుతాడా? నేను ఇచ్చిన మాట ఒకటి, నువ్వు అందించిన మాట ఇంకొకటి. అంటే పదిహేడుసార్లు సరుకు చెడగొట్టావు. కాబట్టి ఆ 510 నేను ఇవ్వను. చెడిన సరుకుకు పరిహారంగా ఇంకో 510 నువ్వే నాకు బాకీ. ఆ జాబితా వెంటనే పంపు. నేనేదో భయపడతాననుకోకు.

ఇంకో సంగతి. నీ ఉత్తరం ఎవరైనా చదివితే మా ఇంట్లో ఏదో గొడవ ఉందనుకుంటారు. గొడవేమీ లేదు. మా కాపురం సజావుగానే ఉంది. మా ఆవిడ ఇరవై ఆరు రోజులుగా నాతో మాట్లాడటం లేదు, అంతే.

విషయం తలుపే. అది వేలాడుతోందని ఆవిడ మూడేళ్లుగా చెబుతోంది. నేను మూడేళ్లుగా వచ్చే నెల చూద్దాం అంటున్నాను. ఒకరోజు చెప్పడం మానేసింది. అది మంచిదే అనుకున్నాను. మర్నాటికి నాతో మాట్లాడటమే మానేసింది. ఆ మర్నాడు స్టవ్వు ఒకటి పట్టుకుని మేడ ఎక్కింది. తలుపు బాగైతే దిగి వస్తుందని నిన్ను పిలిచాను. తలుపు బాగైంది, ఆవిడ దిగలేదు. గోరుచుట్టు మీద రోకటిపోటులా పైన నీ బిల్లు.

నిజానికి నీ పని పూర్తి కానే లేదు మేస్త్రీ. తలుపు నిలబెట్టించింది తలుపు కోసం కాదు. ఆవిడ కిందికి వచ్చి, ఇంకా ఆ మూల గీత పడింది చూడలేదా అని నన్ను నాలుగు మాటలు అనాలని. అది జరిగిందా? లేదు. ఆ లెక్కన నీకు 1,460 కూడా ఇవ్వక్కర్లేదు.

ఎవరితోనూ తగువు లేని,
మేడ ఇంటి ఆడిటరు

తా.క. నిన్న మేడ మీద సుత్తి చప్పుడు వినిపించింది. నువ్వేనా? ఎవరు పిలిచారు? ఎవరు చెల్లిస్తారు?

* * *

గురువారం

బాకీదారు అయ్యగారికి, బాకీపడ్డ మేస్త్రి దండాలు.

సుత్తి చప్పుడు నాదే. మేడ మీద కిటికీ గడియ వదులైందని అమ్మగారు పిలిచారు. వెనక మెట్ల మీదుగా వెళ్లాను. దాని సంగతి అమ్మగారితో చూసుకుంటాను, మీ పద్దులో కలపను.

జాబితా అడిగారు. పదిహేడూ రాస్తే కాగితం చాలదు. మచ్చుకు కొన్ని రాస్తాను.

మీరు నాకిచ్చింది: "తలుపు బాగు చేయిస్తున్నానుగా, ఇంకా ఏం కావాలట మహారాణికి?" నేను పైన అందించింది: "అమ్మా, ఇంకేమైనా కావాలేమో అడగమన్నారు." అమ్మగారు ఇచ్చింది: "నాకు కావలసినవి ఆయన ఇచ్చే రకం కాదని చెప్పు." నేను కింద అందించింది: "ఏమీ వద్దన్నారు." ఇవి రెండు మార్పులు, అరవై.

మీరు ఇచ్చింది: "అన్నానికి నీళ్లెన్ని పొయ్యాలో కనుక్కో, నేనడిగానని మాత్రం చెప్పకు." నేను అందించింది: "అమ్మా, ఇంట్లో మా ఆవిడ లేదు, అన్నానికి నీళ్లెన్ని పొయ్యాలి?" అమ్మగారు: "నీకా, ఆయనకా? నీకైతే ఒకటికి రెండు. ఆయనకైతే ముప్ఫై నాలుగేళ్లు వంటింటి గుమ్మంలో నిలబడి చూసి ఉండాల్సింది." నేను మీకు అందించింది: "ఒకటికి రెండు." మా ఆవిడ ఇంట్లోనే ఉంది. మీ కోసం అబద్ధమాడాను. అబద్ధానికి విడిగా ఏమీ వెయ్యలేదు, గమనించాలి.

మీరు ఇచ్చింది: "ఆవిడ అసలు తింటోందా లేదా? ఊరికే కనుక్కో." నేను అందించింది: "మీరు భోంచేశారా అని అయ్యగారు అడిగారు." ఇక్కడ నేను మార్చిందేమీ లేదు. ఆ "ఊరికే" అన్నది మాత్రం మెట్ల మీద వదిలేశాను. దానికి అమ్మగారు నా వైపు చూశారు. నేను చెప్పిన ఐదు చూపుల్లో అది ఒకటి.

అయ్యా, చిన్నవాణ్ణి, ఒక మాట చెబుతాను. తలుపు మీద కోపం వచ్చిన ఆడవాళ్లని ఈ వృత్తిలో చాలామందిని చూశాను. తలుపు బాగవగానే వాళ్లు ముందు దాన్ని తీసి చూస్తారు, మూసి చూస్తారు, ఒక వంక పెడతారు. అమ్మగారు రెండు రోజుల్లో ఒక్కసారైనా తలుపు ఎలా ఉందని నన్ను అడగలేదు. ఆవిడ కోపం తలుపు మీద కాదు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నాతో తర్వాత గెలుద్దురుగాని, ముందు అదేమిటో కనుక్కోండి.

పెన్సిలు గీతలు దాచుకున్న,
వడ్రంగి మేస్త్రి

తా.క. కారణం నన్నే కనుక్కోమంటే కనుక్కుంటాను. పైకొకటి, కిందికొకటి, నలభై. మార్చకుండా తెమ్మంటే అరవై. మార్చని కబురు బరువెక్కువ.

* * *

శుక్రవారం

మేస్త్రికి, మేడ ఇంటి ఆడిటరు ఓపిక పట్టి రాస్తున్నది.

నీ జాబితా అందింది. పిల్లికి ఎలుక సాక్ష్యంలా ఉంది. నువ్వే మోశావు, నువ్వే లెక్కపెట్టావు, నువ్వే ధ్రువీకరించావు. ఇలాంటి బిల్లులు నా బల్ల మీదికి వస్తే చూసిన మరుక్షణం వెనక్కి విసిరేసేవాణ్ణి. యాభై మూడు కబుర్లూ నిజమేనని రెండో పక్షం సంతకం కావాలి. అంటే మా ఆవిడ సంతకం. అది లేనిదే ఈ పద్దు కదలదు. సంతకం రాకపోతే ఫిర్యాదు చెయ్యడానికి కూడా నేను వెనకాడను, నాకు ఏ పనీ లేదు.

అన్నం సంగతి బయట ఎక్కడా అనకు. వండుకోవడం నాకు బాగానే వచ్చు. ఇరవై ఎనిమిది రోజుల్లో మూడుసార్లే మాడింది. మిగతా రోజులు వండలేదు.

కారణం నాకేమీ అక్కర్లేదు. నేను ఏ తప్పూ చెయ్యలేదని నాకు తెలుసు. తప్పు చేస్తే గుర్తుండేది కదా. నేను రోజూ మంచం మీద కూర్చుని గుర్తు చేసుకుంటూనే ఉన్నాను. ఆవిడ పుట్టినరోజు మర్చిపోయానా అంటే, అది ఇంకా నాలుగు నెలలుంది. వాళ్ల అన్నయ్యను ఏమైనా అన్నానా అంటే, అన్నాను గానీ అది పాత విషయం. కాబట్టి కారణమంటూ ఏదీ ఉండే అవకాశం లేదు.

అయినా ఆడిట్ సక్రమంగా జరగాలి గనుక, ఫైలు పూర్తిగా ఉండాలి గనుక, కారణం కనుక్కో. మార్చకు. అరవై జతపరుస్తున్నాను. ఇది బిల్లు ఒప్పుకున్నట్టు కాదు.

ఫైలు కోసం మాత్రమే ఎదురుచూస్తున్న,
ఆడిటరు

తా.క. త్వరగా కనుక్కో. త్వరకు వేరే రేటు ఉంటే అదీ ఇస్తాను.

* * *

శనివారం

అయ్యగారికి, మేస్త్రి తెచ్చిన కబురు.

ఇది మార్చకుండా తెచ్చింది, కాబట్టి గరుకుగా ఉంటుంది. చూసి పట్టుకోండి.

నెల కిందట మీరిద్దరూ ఒక విందుకు వెళ్లారు. మీతో పనిచేసి రిటైరైన పెద్దమనిషి ఇల్లు. అక్కడ కళ్లజోడాయన ఒకాయన అమ్మగారిని, మీరేం చేస్తుంటారండీ అని అడిగాడు. మర్యాదకు అడిగిన మాటే. కానీ అమ్మగారిని ఎవరైనా ఏదైనా అడిగి చాలాకాలమైంది. ఏం చెప్పాలా అని ఆవిడ లోపల వెతుక్కుంటున్నారు. ఇల్లు నడుపుతానని చెప్పాలా, పిల్లల్ని పెంచి పంపానని చెప్పాలా, చిన్నప్పుడు చదువులో ముందుండేదాన్నని చెప్పాలా. ఆవిడ నోరు తెరిచేలోగా మీరు, "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది" అన్నారు. అని, ప్లేటు చాపి రెండోసారి వడ్డించుకున్నారు.

అంతే, వేరే ఏమీ జరగలేదు. ఆయన వేరేవాళ్లతో మాట్లాడటానికి వెళ్లిపోయాడు. మీరు విందు బాగుందన్నారు.

ఇంటికి వచ్చి అమ్మగారు ఆలోచించారు. ఏమీ చెయ్యనిదాన్ని కదా, సరే, ఏమీ చెయ్యకుండా ఉంటే ఎలా ఉంటుందో చూద్దాం అనుకున్నారు. మొదట సరుకులు సర్దడం మానేశారు. తర్వాత వంట. ఒక్కొక్కటే మానుకుంటూ పోతే చివరికి మీతో మాట్లాడటం ఒక్కటే మిగిలింది. అదీ పనేనని అప్పుడు తెలిసింది, అదీ మానేశారు.

ఆ మాట అన్నందుకు కూడా కాదు కోపం. అన్న మనిషికి అన్నట్టే గుర్తు లేదు, అందుకు. ఈ నెల్లాళ్లూ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపిస్తే, గుర్తొచ్చిందేమో, ఎక్కి వస్తున్నారేమో అనుకున్నాను అని అమ్మగారు చెప్పారు. ప్రతిసారీ మేస్త్రే వచ్చేవాడట.

మీరడిగిన సంతకం ఈ కాగితం కిందే పెట్టించాను. యాభై మూడూ నిజమే.

బరువు దించుకున్న,
వడ్రంగి మేస్త్రి

తా.క. మీరిచ్చిన అరవైలో పది తిరిగి పంపుతున్నాను. అనుకున్నంత బరువు లేదు. చెప్పేకొద్దీ తేలికైంది.

* * *

సోమవారం

మేస్త్రికి, కింద ఇంట్లో ఒక్కడే ఉంటున్న మనిషి రాస్తున్నది.

నీ ఉత్తరం శనివారమే అందింది. రెండు రోజులు దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను.

ముందు ఆడిట్ సంగతి. సంతకం ఆవిడదే. ముప్ఫై నాలుగేళ్లుగా చూస్తున్న సంతకం, పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టలేదు. యాభై మూడు కబుర్ల పద్దు పాసయింది.

ఆ విందు గుర్తుంది. వంకాయ రంగు తెరలు గుర్తున్నాయి. ఏం తిన్నానో గుర్తుంది. ఆ మాట అన్నట్టు మాత్రం ఎంత వెతికినా గుర్తు రాలేదు. అన్నాననే నమ్ముతున్నాను. అనేవాణ్ణే. ఆలోచించి అన్నమాటైతే గుర్తుండేది, చెమట తుడుచుకున్నట్టు అనేసి ఉంటాను.

నిన్న పొద్దున ఆరింటికి కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ చెయ్యడం మానేసినవి ఏమిటో రాద్దామని. తేలిగ్గానే మొదలైంది, వంట, బట్టలు, సరుకులు. తర్వాత చిన్నచిన్నవి బయటికి రావడం మొదలైంది. స్నానాల గదిలో సబ్బు అరిగిపోయేలోపు కొత్తది వచ్చేది. కరెంటు బిల్లు నా కళ్లజోడు కింద ఉండేది. గేటుకు నూనె పడేది. నా బీపీ మాత్ర రోజూ పొద్దున మంచినీళ్ల గ్లాసు పక్కన ఉండేది. దానంతట అదే ఉంటుందనుకున్నాను మేస్త్రీ. ఈ నెలలో తొమ్మిది రోజులు వేసుకోలేదని డబ్బాలో లెక్కపెడితే తెలిసింది. పదకొండు గంటలకు కాగితం అయిపోయింది. రెండో కాగితం ఎక్కడుంటుందో నాకు తెలియలేదు. అదీ ఆవిడే పెట్టేది.

ఊరందరి లెక్కలూ చూశాను, ఇంట్లో ఒక్క పద్దూ చూడలేదు. సిగ్గుగా ఉంది.

ఇప్పుడు ఒక కబురు ఇస్తున్నాను. యాభై నాలుగోది. దీన్ని మార్చకు, గరుకు తియ్యకు, మెట్ల మీద ఏదీ వదలకు. "ఏమీ చెయ్యనిది నువ్వు కాదు, నేను. నువ్వు దిగి వస్తే మంచిది. రాకపోయినా పరవాలేదు, మాట్లాడు. తిట్టినా సరే. కానీ మధ్యలో మేస్త్రి లేకుండా తిట్టు. ఇల్లు చాలా నిశ్శబ్దంగా ఉంది, నాకు భయంగా ఉంది." ఇదీ కబురు. నేనే ఎక్కి చెబుదామని నిన్న సాయంత్రం నాలుగు మెట్లు ఎక్కాను. ఐదోది ఎక్కలేకపోయాను. మోకాళ్ల వల్ల కాదు.

3,180 పూర్తిగా, యాభై నాలుగో కబురుకు మార్చని రేటున కూలి కూడా జతపరుస్తున్నాను. ఇది బిల్లు ఒప్పుకున్నట్టే.

నీ దగ్గర గెలవాలని ఇక లేని,
ఆడిటరు

తా.క. నీకు ఇన్ని సంగతులు రాశానని మా ఆవిడకు తెలియనివ్వకు. పరువు పోతుంది.

* * *

మంగళవారం

ఏమండీ,

మీ ఉత్తరం అందింది. మీవన్నీ అందాయి.

మేస్త్రికి అంకెలు తప్ప రాత రాదు. పనైన రోజు బిల్లు రాయించుకోవడానికి వెనక మెట్లెక్కి నా దగ్గరికే వచ్చాడు. ఆ మూడు పద్దులూ అతనివే, నేను ఒక్క అంకె కూడా కలపలేదు. అతను చెబుతుంటే రాస్తూ నవ్వు ఆపుకోలేకపోయాను. మేడ ఎక్కాక నవ్వడం అదే మొదటిసారి. తర్వాత మీ ఉత్తరం వస్తే చదివించుకోవడానికి తెచ్చాడు. మెట్లు, మోకాళ్లు, పదిహేడు మార్పులు, అన్నీ అతను చెప్పినవే. శుక్రవారం వచ్చినదాన్ని చదివి వినిపించాక మాత్రం, "అమ్మా, నాకు చెక్క సంగతి తెలుసు, మీ ఇద్దరి సంగతి తెలీదు, మీకు తోచింది రాసుకోండి" అని చెప్పి రంపం పట్టుకుని వెళ్లిపోయాడు. శనివారం ఉత్తరం మొత్తం నాది. మీరు వీధి చివరిదాకా నడిచి వేసి వచ్చిన ప్రతి ఉత్తరమూ వెనక మెట్ల మీదుగా మళ్లీ మన ఇంటికే వచ్చింది. కిటికీ గడియ బాగానే ఉంది. మీకు అనుమానం రాకుండా ఊరికే సుత్తితో కొట్టేవాడు, పాపం.

చేతిరాత ముత్యాలు పేర్చినట్టుందన్నారు. ముప్ఫై నాలుగేళ్లకు మీ నోటి నుంచి వచ్చిన మెచ్చుకోలు, అదీ వడ్రంగి పేరు మీద. సంతకం ఒక్క క్షణంలో పోల్చుకున్నానని కూడా రాశారు. ఆ సంతకానికి పైనున్న పేజీన్నరా అదే చెయ్యి రాసిందండీ.

మీరు గుర్తుపట్టలేదని మొదట ఏడుపొచ్చింది. తర్వాత అనుకున్నాను, ఎలా పడతారు? ఈ ఇంట్లో రాత పనంతా మీదే. సరుకుల జాబితా మీరే రాసేవారు. మా అమ్మకు ఉత్తరం కూడా మీరే రాసి, చివర వేలెడు ఖాళీ వదిలి, ఇక్కడ సంతకం పెట్టు అనేవారు. పెళ్లి కుదిరాక నేను మీకు నాలుగు పేజీల ఉత్తరం రాశాను. మీరు దాన్ని ఎర్ర సిరాతో దిద్ది, పక్కన "అనవసరం", "ఇది ముందే చెప్పావు" అని రాసి తిరిగి పంపారు. తమాషాకే చేశారేమో. ఆ తర్వాత నేను మీకు రాయలేదు.

ఇప్పుడు రాశాను. ఒక్క వాక్యం కూడా మీరు కొట్టెయ్యలేదు. చదివారు, కోప్పడ్డారు, జవాబిచ్చారు. అన్నం మాడిందని చెప్పుకున్నారు, భయమేస్తోందని చెప్పుకున్నారు. ఆ వడ్రంగితో మాట్లాడినట్టు మీరు నాతో ఏనాడూ మాట్లాడలేదు. వారం రోజులుగా నాకు అతని మీద కుళ్లుగా ఉంది.

యాభై నాలుగో కబురు అతను మొయ్యలేదు, నేనే చదువుకున్నాను. రెండుసార్లు చదివాను. మాత్ర సంగతి దగ్గర కళ్లు తడిశాయి. ఈ పూట మాత్ర వేసుకుని రండి. అవును, మీరే రండి, నేను దిగను. నాలుగు మెట్లు ఎక్కారు కదా, మిగిలినవి పద్నాలుగే. ఆ కబురు మీ నోటితో చెప్పండి. మధ్యలో మర్చిపోతే ఫరవాలేదు, నాకు కంఠతా వచ్చు, అందిస్తాను. మూడింటికి టీ పెడతాను, రెండు గ్లాసులకి.

ఇంకో విషయం. మేస్త్రి నాకు ఉత్తరానికి నలభై ఇచ్చాడు. వద్దన్నాను. "చేసిన పనికి కూలి తీసుకోకపోతే ఏమీ చెయ్యనట్టే లెక్కమ్మా" అన్నాడు, తీసుకున్నాను. ఆడిటరుగారి చేత మొత్తం బిల్లు కట్టించిన చెయ్యి ఇదేనని అతను నిన్న వీధంతా చాటాడు. పొద్దున్నుంచీ వెనక మెట్ల మీద మనుషులు వరసగా కూర్చున్నారు, కుట్టుమిషనతను, తాళాలతను, పరుపులు కుట్టేవాడు. బిల్లు రాయాలిట, బాకీ అడగాలిట, ఒకతను వాళ్లావిడకు క్షమాపణ రాయించుకోవాలిట. కాబట్టి ఇక మీదట ఎక్కడైనా ఎవరైనా, మీ ఆవిడ ఏం చేస్తారండీ అని అడిగితే, మీరు జవాబు చెప్పకండి. నా వైపు తిరగండి. నేను చెప్పుకుంటాను.

మేడ మీద, తలుపు తీసి ఉంచి,
మీ ఆవిడ

తా.క. పోయినవారం మన వంటింటి తూము బాగుచేసిన ప్లంబరు రేపు మీకు బిల్లు పంపుతాడు. నిన్న సాయంత్రమే రాసిచ్చాను. ఏ పద్దు మీదైనా తగువు పెట్టుకోండి గానీ, "అయ్యగారి సలహాలు విన్నందుకు" అన్న పద్దు జోలికి మాత్రం వెళ్లకండి. అతను చెప్పిన అంకెను నేనే బతిమాలి సగానికి తగ్గించాను.